పదకొండో అడుగు

ఒకటో రోజు

ముప్పై రోజులు రాయాలని వీసా కిటికీ చెప్పిందట. నీలి వెళ్ళి అడిగి వచ్చింది. పొద్దున్న లేచింది మొదలు ఏం చేస్తానో, కర్రసాము ఎలా నేర్చుకున్నానో, కెరాయి దీవికి ఎందుకు వెళ్ళాలనుకుంటున్నానో నా మాటల్లో, నా చేత్తోనే రాయాలట. సాయంత్రం పుస్తకం తీసుకెళ్ళి రేషన్ షాపు పక్కనున్న ఆ మిషను కిటికీ ముందు పెడితే అది కన్ను తెరిచి పేజీ చూసుకుని మూసుకుంటుంది. పది రోజులు చూసి వచ్చేవాళ్ళకు ఈ రాత అక్కర్లేదు. ఏడాది పాటు ఉండి సాము నేర్చుకునేవాళ్ళకే.

నా పేరు తవుడమ్మ. డెబ్బై ఒకటి. చదివింది నాలుగో తరగతి, అదీ సముద్రం ఊళ్ళోకి రాకముందు, బడి నేల మీద ఉన్న రోజుల్లో. అక్షరం వంకర పోతే వీసా పోతుందేమోనని రెండేసి సార్లు దిద్దుతున్నాను. దిద్దితే ఇంకా వంకర పోతోంది. నీలిని రాసిపెట్టమన్నాను.

"సొంత సేత్తో అన్నారు మామ్మా. కిటికీ పట్టేస్తాది" అంది.

నీలి అంటే నీలవేణి, నా శిష్యురాలు. ముప్పై ఒక్కేళ్ళు. పన్నెండేళ్ళ నుంచి నా దగ్గర నేర్చుకుంటోంది. నీళ్ళ ఆఫీసులో పని చేస్తుంది కాబట్టి ఫారాలూ అవీ దానికి తెలుసు. ఫారం ఆ దీవి లిపిలో ఉంది. నాకు తెలుగే అంతంత మాత్రం.

ఎందుకు వెళ్ళాలంటే చెబుతాను. నాలుగు నెలల కిందట రేషన్ షాపు గోడ మీద బొమ్మల్లో కెరాయి దీవిని చూపించారు. అక్కడొక కర్ర బడి. తొంభై రెండేళ్ళ గురువమ్మ. ఆమె ఎదురుగా నా వయసు మనిషి. గురువమ్మ కర్ర తిప్పి ఆమె భుజం మీద ఒక్కటి వేసింది. దెబ్బ తిన్నామె పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి వరసలో నిలబడి ఏడ్చేశాను. బియ్యం సంచి కూడా మర్చిపోయి వచ్చాను.

మా సాము ఇద్దరిది. మా అప్ప, అంటే అక్క, బంగారి, నేను. ఒకరు వేస్తే ఒకరు కాయాలి. అప్ప పోయి పద్దెనిమిదేళ్ళు. అప్పట్నుంచి నా ఒంటి మీద కర్ర పడలేదు. నేను నేర్పినవాళ్ళకు గురువుని కొట్టే ధైర్యం లేదు, ధైర్యం ఉన్నవాళ్ళకు నేను అందను. పోయేలోగా ఒక్క ఏడాది ఎవరి ముందో శిష్యురాలిగా నిలబడాలి. ఇదే నా కోరిక. సముద్రం తరిమాక మేం చేరిన ఈ స్తంభాల మిట్ట మొత్తానికి ఏడాదికి ఒకటే సీటు.

ఒక పేజీకి ఇది ఎక్కువైందేమో. ఎక్కువ రాస్తే తప్పా? అడగాలి. కిటికీని అడగాలంటే భయం. నీలిని అడుగుతాను.

నాలుగో రోజు

అయిదింటికి లేచాను. కుళాయికి నీళ్ళ ఆఫీసు తొడిగిన చేతి కడియం ఆనించి తెరిచి, బిందె పట్టాను. ఇనుప మెట్ల మీద నాచు గీకాను. పిల్లలు తొమ్మిది మంది వచ్చారు, అందరూ ఆడపిల్లలే. డాబా మీద మొదటి ఆరు అడుగులూ వేయించాను. కింద పోటు పెరిగితే ఇంటి స్తంభాలు కొంచెం ఊగుతాయి. ఊగే నేల మీద నేర్చుకుంటే మంచిదే గానీ, ఎవరైనా జారి పడతారేమోనని నా కళ్ళు వాళ్ళ కాళ్ళ మీదే ఉంటాయి.

ముత్యాలు బావ వచ్చాడు. మా అప్ప మొగుడు. డెబ్బై ఎనిమిదేళ్ళలోనూ కరెంటిచ్చే ఎండ పలకలు బాగుచేస్తాడు.

"ఏటే మరదలా, ఈ వయసులో దెబ్బలు తినడానికి సముద్రం దాటెల్తావేటి? ఆ దెబ్బలేవో నానే కొడదును కదా!"

"నీ సేతిలో పలకే నిలబడదు, కర్ర నిలుస్తాదా బావా?"

"మీ అప్ప సేతిలో తిన్నోణ్ణి. ఎలాగ కొట్టాలో నాకు తెల్దేటి?"

పలక తుడుస్తూ వాళ్ళ అయ్య పాడే పడవ పాట ఎత్తుకున్నాడు. రెండో చరణం రాకముందే చేతి కడియం గీమంది.

"మూడోసారి! అయిపోయింది, ఇయ్యాల నాకు నీల్లు నేవు" అన్నాడు.

ఆ పాటను పట్నంలో ఎవరో పేరు మీద రాయించుకున్నారు. ఒకరి పేరు మీద ఉన్నది ఇంకొకరు పాడినా, వేసినా, చేసినా కడియం గీ పెడుతుంది. మూడుసార్లయితే ఆ పూట కుళాయి తెరుచుకోదు. వాళ్ళ అయ్య పాట మీద బావకు హక్కు లేదు.

"పాడకుండా ఉంటే సరి కదా" అన్నాను.

బావ నా వంక అదోలా చూసి పలక తుడుచుకున్నాడు. సాయంత్రం అరబిందె నీళ్ళు ఇచ్చాను.

తొమ్మిదో రోజు

వీసా వాళ్ళ దగ్గర్నుంచి చొక్కా వచ్చింది. నల్లగా, మెడ నుంచి మడమల దాకా చేప చర్మంలా ఒంటికి అతుక్కుంటుంది. దాన్నిండా చుక్కలు. ఆ చుక్కలు ఎముకల కదలిక కూడా పట్టుకుంటాయట. ఈ వయసులో ఇలాంటి బట్ట వేసుకోవడానికి సిగ్గేసి పైన చీర చుట్టుకున్నాను. నీలి నవ్వి విప్పించింది.

"చీర కట్టుకుంటే అది కాళ్ళు చూడలేదు మామ్మా."

"దానికి కాళ్ళెందుకే?"

"నువ్వు నిజంగా సాము తెలిసినదానివని నమ్మాలి కదా. పద్దెనిమిది అడుగులూ ఒకేసారి వెయ్. ఆపకు."

పిల్లల్ని పంపేశాను. డాబా తలుపు వేసి, మా అయ్య కర్ర తీసుకుని వేశాను. ఆరో అడుగు దాకా మోకాలి గురించి భయపడ్డాను. తరవాత భయం మర్చిపోయాను. పద్దెనిమిదో అడుగు వేసి కర్ర నేలకు ఆనించేసరికి నీలి కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏటే?"

"ఏం లేదు మామ్మా. ఎప్పుడూ ఇంత బాగా వెయ్యలేదు నువ్వు."

ఎప్పుడూ ఎలా చూపిస్తానో అలాగే వేశాను. ఆ చూపించడం గురించి మా అయ్య చెప్పిన మాట ఒకటుంది. అది ఇక్కడ రాయను, కిటికీ చదువుతుంది.

తరవాత ఫారం ఉన్న పలక మీద వేలిముద్ర. రెండు గళ్ళున్నాయి, పైదొకటి, కిందదొకటి. నీలి నా వేలు పట్టుకుని కింద గడిలో పెట్టించింది.

"నాది కిందేటి?"

"పెద్దవాళ్ళది కింద, మామ్మా. మన కర్రపూజలో లాగే."

నిజమే. కర్రపూజ రోజున అన్ని కర్రలూ వరసగా ఆనించి, గురువు కర్రని అందరి కిందా అడ్డంగా పెడతాం. మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. ఆ దీవిలోనూ అదే పద్ధతి ఉందంటే నాకు సంతోషమేసింది. అక్కడివాళ్ళు మనలాంటివాళ్ళే అనుకున్నాను.

పదమూడో రోజు

సర్దుకోవడం మొదలుపెట్టాను. తొందరేం లేదని నీలి అంటుంది, కానీ ఆఖరి నిమిషంలో ఏదో ఒకటి మర్చిపోతాను. చోడిపిండి, అదే రాగిపిండి, రెండు డబ్బాలు, చింతపండు, ఎండు మిరపకాయలు, మోకాలికి నూనె. ఓడలో అయిదు రోజులట. దొడ్డికి వెళ్ళాలంటే అలల్లో ఎలా కూర్చుంటారో. అక్కడ నేను చచ్చిపోతే కాలుస్తారా, పూడుస్తారా? బావను అడిగాను.

"సచ్చిపోయినాక నీకేటి పని? ఆల్లు సూసుకుంతారు" అన్నాడు.

నీలి కూడా కొత్త సంచి కొనుక్కుంది. రేవు దాకా నన్ను దిగబెట్టడానికి వస్తుంది కాబోలు. రేవు ఒక పగలు ప్రయాణం.

దీవి మాటలు మూడు నేర్పింది. నమస్కారం, అన్నం, ఇంకొకసారి. మూడోదాన్ని బాగా చదువుకున్నాను. దెబ్బ తిన్నాక అనాల్సింది అదే కదా.

పదహేడో రోజు

పుస్తకం పెట్టాను. కిటికీ కన్ను తెరవలేదు. మాట్లాడింది. ముప్పై రోజులు నిండకముందే! వార్తలు చదివేవాళ్ళ గొంతు.

"మీ మిట్టకు ఈ ఏడాది దీర్ఘకాల శిక్షణ వీసా మంజూరైంది."

గాజుకు దణ్ణం పెట్టాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవరో "మామ్మ ఓడెక్కేస్తాంది రోయ్!" అని అరిచారు. అప్పుడు అది రెండో మాట చెప్పింది.

"అభ్యాసకురాలు, నీలవేణి. సాక్షి, తవుడమ్మ. సాక్షి సహకారానికి ధన్యవాదాలు."

చప్పట్లు ఆగిపోయాయి. మిషను తప్పు చేసిందనుకున్నాను. వెంటనే నీలి దగ్గరకు వెళ్ళాను, దిద్దించమని చెప్పడానికి. అది తలుపు తీసి నా మొహం చూడగానే కిందికి చూసింది. మిషను తప్పు కాదని అప్పుడు తెలిసింది.

"అరవై దాటితే ఆ దీవికి రానివ్వరు మామ్మా. మొదటి రోజే చెప్పింది కిటికీ. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

"నోరు రాక నా సేత పదహేడు రోజులు రాయిత్తావేటే?"

"సాక్షి పుస్తకం అడిగారు. సాము ఎక్కణ్ణించి వచ్చిందో, ఎలా నేర్చుకుంటారో... అదంతా నాకేం తెలుసు, నువ్వు రాస్తేనే బాగుంటాదని..."

"ఆ చొక్కా?"

"అదీ నాకంటే నువ్వే బాగా వేస్తావు కదా మామ్మా."

పొగడ్తలాగే అంది. ఇంత మంచిగా నన్ను ఎవరూ మోసం చేయలేదు.

"సీటు ఊరికే పోతాది మామ్మా, ఎవరూ వెళ్ళకపోతే. నేను నేర్చుకుని వచ్చి నీకు నేర్పుతాను. ఒట్టు."

"నువ్వు నాకా?" అన్నాను. ఇంటికి వచ్చి చోడిపిండి డబ్బాలు సంచిలోంచి తీసి అటక మీద పెట్టాను. తీసి మళ్ళీ సంచిలో పెట్టాను. మళ్ళీ తీశాను.

పద్దెనిమిదో రోజు

రాత్రంతా ఆలోచించి కోపం తగ్గించుకున్నాను. వయసు దాటిపోతే దాని తప్పేముంది? సీటు మట్టిలో పోయే బదులు నా శిష్యురాలు వెళ్ళడం మేలే కదా. చెప్పకపోవడం తప్పు. కానీ నేను ఏడుస్తానని చెప్పలేదు, నా మీద ప్రేమతోనే దాచిందేమో.

ఇవాళే నీలిని రేవుకు తీసుకెళ్ళే పడవ దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే నీలి కాళ్ళ మీద పడింది. చోడిపిండి ఒక డబ్బా ఇచ్చాను. అది వెళ్ళకుండా అలాగే నిలబడింది. చూపంతా నా చేతిలో కర్ర మీదుంది.

"ఏటి కావాలో అడుగు" అన్నాను.

"నీ కర్ర ఇస్తావా మామ్మా?"

మా అయ్య కర్ర అది. నూనె తాగి తాగి నల్లగా అయింది. పట్టు దగ్గర మా అయ్య వేళ్ళు, అప్ప వేళ్ళు, నా వేళ్ళు అరిగిన గుంటలున్నాయి. ఇచ్చేశాను. గురువమ్మ ముందు నా శిష్యురాలు మామూలు కర్ర పట్టుకుని నిలబడకూడదనుకున్నాను.

ఇరవయ్యో రోజు

ఇక ఈ పుస్తకం ఎందుకు, కిటికీకి ఇచ్చేసి రావాలనుకుని వెళ్ళాను. వరస లేదు. ఇన్నాళ్ళూ దాన్ని నేను ఒక్క మాట అడగలేదు. అడగడానికి భయపడే అన్నీ నీలికి వదిలేశాను. ఇవాళ మరి పోయేదేముందని గాజు మీద తట్టాను.

"అమ్మా, ఆ దీవి బడికి వయసెంత ఉండాలి?"

"వయోపరిమితి లేదు."

సరిగా వినలేదనుకున్నాను.

"అరవై దాటినోల్లని రానీరు కదా?"

"వయోపరిమితి లేదు. ప్రస్తుతం ఆ బడిలో శిక్షణ పొందుతున్నవారిలో అత్యధిక వయసు ఎనభై ఎనిమిది."

మూడోసారి అడిగాను. మూడోసారీ అదే గొంతుతో అదే మాట. దానికి విసుగు కూడా లేదు.

"మరి నా పేరు పెట్టుంటే నాకే ఇచ్చేవోరా?"

"ఊహాత్మక ప్రశ్నలకు సమాధానం ఇవ్వలేను."

పుస్తకం వెనక్కి తీసుకుని వచ్చేశాను. ఇక ఈ పేజీల్ని దానికి చూపించను.

కర్ర ఇచ్చాను. నా చేత్తో నేనే ఇచ్చాను.

ఇరవై ఒకటో రోజు

పిల్లలు వచ్చారు. కొత్త వెదురు కర్ర పట్టుకుని మొదటి అడుగు చూపించాను. కడియం గీమంది.

ఏమిటో అర్థం కాలేదు. కాలు వెనక్కి తీసుకుని మళ్ళీ వేశాను. గీ. రెండో అడుగు వేశాను. గీ. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. కుళాయి దగ్గరికి వెళ్ళి కడియం ఆనిస్తే తెరుచుకోలేదు.

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. డెబ్బై ఒకటో ఏట పరుగెత్తాను.

"పద్దెనిమిది అడుగుల కర్రసాము నీలవేణి పేర నమోదైంది. శిక్షణ వీసా షరతు ప్రకారం అభ్యాసకురాలి విద్య ఆమె పేరనే ఉంటుంది. అభ్యంతరం లేదని సాక్షి ఒప్పుకున్నారు. వేలిముద్ర ఉంది."

కింద గడి.

ముత్యాలు బావ నాకు అరబిందె నీళ్ళు తెచ్చిచ్చాడు. పాట గురించి ఆ రోజు నేనన్న మాట నాకే వెనక్కి అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు. బిందె దించి, పలకలు తుడవడానికి వెళ్ళిపోయాడు. అన్నా బాగుండేది.

ఇరవై నాలుగో రోజు

ఇప్పుడు కిటికీ చదవదు కాబట్టి మా అయ్య మాట రాస్తాను.

పద్దెనిమిది అడుగుల్లో పదకొండోది దొంగడుగు. ఎవరి ముందు వేసినా, శిష్యుల ముందైనా సరే, పదకొండోది తప్పుగానే వేయాలి. దడి అవతల నుంచి చూసి నేర్చుకునే దొంగకు విద్య చిక్కకుండా పెట్టిన అడుగు అది. బరువు ఎడమ కాలికి మార్చకుండానే కుడి మడమ తిప్పేస్తాం. ఉత్తినే వేసుకుంటే ఏమీ కాదు. కానీ ఆ క్షణాన ఎదుటివాడు నిజంగా దెబ్బ వేస్తే మోకాలు తిరిగిపోతుంది. అందుకే గురువు పాఠంలో పదకొండో దగ్గర దెబ్బ వేయడు. అసలు అడుగు మాత్రం గురువు కర్ర దించేసే రోజున, ఒక్క శిష్యుడికి చెవిలో చెబుతాడు. మా అయ్య మా ఇద్దరికీ ఒకేసారి చెప్పాడు, మాది జోడు కాబట్టి.

నీలికి నేను చెప్పలేదు. దీవి నుంచి వచ్చాక చెబుదామనుకున్నాను. కర్ర ఇచ్చిన రోజున కూడా, మళ్ళీ తెస్తుందిగా అనుకున్నాను. చొక్కా వేసుకుని కూడా అలవాటు కొద్దీ దొంగడుగే వేశాను.

ఇవాళ తలుపు వేసుకుని పద్దెనిమిదీ వేసి చూశాను, నీళ్ళు పోతే పోయాయని. ప్రతి దానికీ గీ. పదకొండు దగ్గర అసలుది వేశాను. గీ పెట్టలేదు. మళ్ళీ వేశాను. నిశ్శబ్దం. పది సార్లు వేశాను. మా అయ్య ఆస్తి మొత్తంలో ఒక్క అడుగు నాకు మిగిలింది.

బావకు చెప్పాను. తొడ చరిచి నవ్వాడు.

"మామ సచ్చి కూడా దొంగని పట్టినాడే! పడనీ దాన్ని. మోకాలిరిగి కుంటుకుంటూ రానీ."

నేనూ నవ్వాను. ఇరవై రోజుల్లో మొదటిసారి. కానీ నవ్వు ఆగాక మా ఊరి గంగులు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు దడి సందులోంచి చూసి మా సాము నేర్చుకుని, పందెంలో పదకొండో అడుగు మీద దెబ్బ తిన్నాడు. బతికినంత కాలం కుంటుతూనే ఉన్నాడు. ప్రతి పండక్కీ మా అయ్య వాడింటికి బియ్యం మోసుకెళ్ళేవాడు. దొంగకు ఎందుకయ్యా అని అడిగితే తల వంచుకునేవాడు.

ఆ గురువమ్మ దెబ్బ వేస్తుంది. వేయడం చూశాను కదా.

ఇరవై ఆరో రోజు

రెండు రోజులుగా అన్నం సయించలేదు. ఇవాళో రేపో దాని మోకాలు పోతుంది. పోనీ అనుకుంటాను. అనుకోగానే పన్నెండేళ్ళ కిందట మొదటిసారి నా డాబా మెట్లెక్కిన పిల్ల కాళ్ళు గుర్తొస్తాయి, చెప్పుల్లేకుండా, పుల్లల్లా. చెబితే నాకున్న ఒక్క అడుగూ పోతుంది. చెప్పకపోతే నేను బియ్యం మోయాలి.

పొద్దున్న ఫోను గదికి వెళ్ళాను. నీలి మొహం కనబడింది. చిక్కింది. వెనక గోడకు మా అయ్య కర్ర ఆనించి ఉంది. దాన్నే చూశాను.

"మామ్మా! నువ్వే... కోపంగా ఉన్నావా?"

"కిటికీని అడిగినాను. వయసు గొడవ నేదంట."

నీలి వెనక్కి తిరిగి కర్ర కేసి చూసింది. తరవాత, "నీకు ఇంకో ఏడాది దొరుకుతాదనుకున్నాను. నాకు ఆ నీళ్ళ ఆఫీసులో ఇంకో ఏడాది కూర్చుంటే ఊపిరాడదనిపించింది" అంది.

"సరే. ఊపిరాడుతుందా?"

"మామ్మా..."

"ఇను. ఇంకా దెబ్బలు మొదలెట్టారా?"

"ఎల్లుండి నుంచి. పెద్దగురువమ్మతోనే."

"పదకొండోది తప్పే. నాను నీకు దొంగడుగు నేర్పినాను. అది వేసి దెబ్బ కాసినావంటే మోకాలు పోతాది."

దాని చెయ్యి మోకాలి మీదకు పోయింది.

"ఏ రోజు నుంచి?"

"మొదట్నించీ. అది మా ఇంటి పద్ధతి."

"పన్నెండేళ్ళు! పన్నెండేళ్ళు పొద్దున్నే లేచి నీ దగ్గరికొస్తే, నాకు తప్పు నేర్పినావా మామ్మా? నన్ను దొంగననుకునే నేర్పినావా?"

నువ్వు దొంగవే అయినావు కదా అని నోటి దాకా వచ్చింది. కానీ నేను నేర్పడం మొదలుపెట్టిన రోజున అది దొంగ కాదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల.

"ముందు బరువు ఎడమ కాలికి మార్చు. మార్చినాకే మడమ తిప్పు. ఊపిరి బయటికి వదులు. వేసి సూపించు."

వేసింది. మూడోసారికి కుదిరింది. ఎంత చక్కగా వేసిందంటే, ఒక్క క్షణం అన్నీ మర్చిపోయాను.

"ఒట్టెయ్. దెబ్బ కాసుకోడానికే. ఎవులికీ సూపించి నేర్పకు, చొక్కాలో వెయ్యకు. నాకు మిగిలింది అదొక్కటే."

మా అయ్య కర్ర మీద చెయ్యి వేసి ఒట్టేసింది. ఏడ్చింది కూడా. నేనూ ఏడ్చాను.

ఇరవై తొమ్మిదో రోజు

పొద్దున్న తలుపు వేసుకుని పదకొండో అడుగు వేశాను. గీ.

ముప్పయ్యో రోజు

కిటికీ దగ్గరికి వెళ్ళాను. అదేం చెబుతుందో తెలుసు. అయినా దాని నోటితోనే వినాలనిపించింది.

"పదకొండో అడుగు సవరణ నమోదైంది. పాత రూపం తప్పుగా గుర్తించి కొట్టివేయబడింది."

"ఎవులు సవరించారు?"

"హక్కుదారు."

ఒట్టు రెండు రోజులు నిలిచింది. గురువమ్మ అడిగిందో, చొక్కా దానంతటదే పట్టేసిందో, ఇదే చూపించి ఏదైనా మెప్పు పొందిందో నాకు తెలియదు. ఫోను చేసి అడగను. అడిగితే మళ్ళీ ఏడుస్తుంది, మళ్ళీ నమ్ముతాను.

డాబా మీద కూర్చుండిపోయాను. బావ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మొత్తం పోయిందేటే?"

"మొత్తం."

"ఆ పాత తప్పడుగు ఏటయింది?"

"కొట్టేసినారంట. ఎవులి పేరా నేదు."

అన్నాక ఆ మాట నా చెవిన పడింది. లేచాను. బరువు మార్చకుండా కుడి మడమ తిప్పాను. కడియం పలకలేదు. ఇంకోసారి తిప్పాను. పలకలేదు. బావ నా కడియం కేసి చూసి, తన కడియం కేసి చూసుకున్నాడు.

దొంగ కోసం పెట్టిన అడుగు ఒక్కటే నాకు మిగిలింది.

పిల్లలు వారం నుంచి రావడం లేదు. తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళి పిలుచుకొచ్చాను. గోనెసంచుల్లో పొట్టు నింపించి డాబా మీద పరిపించాను, మోకాళ్ళకు గుడ్డలు కట్టించాను. సంచులు జారతాయేమోనని రెండుసార్లు తొక్కి చూశాను. అందరినీ వరసలో నిలబెట్టి అడుగు వేసి చూపించాను.

"ఇది మొదటి అడుగా మామ్మా?" అంది చిన్నది.

"ఇది తప్పడుగు. ముందే సెప్తన్నాను. ఇక్కడ దెబ్బ పడితే పడిపోతారు. ఎందుకు పడతారో సెప్తాను, ఎలాగ పడితే మోకాలు నిలుస్తాదో సెప్తాను. నా దగ్గర దాచింది ఏటీ నేదు."

మా అయ్య వింటే ఒప్పుకోడు. కానీ మా అయ్య బియ్యం మోశాడు.

చిన్నది అడుగు వేసి మడమ తిప్పింది. నేను కర్రతో మోకాలి వెనక మెల్లగా తట్టాను. పొట్టు సంచి మీద పడింది. దెబ్బ తగిలిందేమోనని వంగి చూశాను. అది పైకి చూసింది. నవ్వింది. లేచి నిలబడింది.

దీవి మాటలు మూడు నేర్చుకున్నాను కదా. మూడోది, దెబ్బ తిన్నాక అనేది, దానికి నేర్పాను.